తేలిక వారం

అత్తమ్మను మంచం మీది నుంచి లేపేటప్పుడు ముందు ఆమె రెండు చేతులూ నా మెడ చుట్టూ వేయించుకుంటాను. తర్వాత నా కుడిచేయి ఆమె వీపు కిందికి, ఎడమచేయి మోకాళ్ళ కిందికి పోతుంది. ఆమె ఒకసారి మూలుగుతుంది. నేను ఊపిరి బిగబడతాను. బాత్రూంలో వేసిన ప్లాస్టిక్ కుర్చీ ఎంతో దూరం లేదు, కానీ మధ్యలో గడప ఉంది, గడప అవతల తడి ఉంది, ఆపరేషనైన కాలు దేనికీ తగలకూడదు. హాల్లో నేను ఎత్తే ఇనుప బార్‌కు పట్టు ఉంటుంది. గీతలు చెక్కిన చోట చేయి ఆనిస్తే జారదు, ఎటు ఒరుగుతుందో ముందే తెలుస్తుంది. మనిషికి అలాంటి చోటేదీ లేదు. పైగా మనిషి భయపడితే ఇంకా బరువవుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి, బట్టలు తీసి, నీళ్ళు పోసి, తుడిచి, చీర చుట్టి, మళ్ళీ ఎత్తుకుని మంచం మీదికి చేరుస్తాను. అప్పటికి కుక్కర్ కూత పెడుతూ ఉంటుంది. నేను స్టేడియానికి పోవాల్సిన టైం దాటిపోయి ఉంటుంది.

అత్తమ్మ పేరు కొండవ్వ. ఎండాకాలం మొదట్లో తడిబండ మీద జారి ఆమె తుంటి ఎముక విరిగింది. దవాఖానలో లోపల రాడ్ వేశారు. ఆ కాలు మీద ఇప్పుడప్పుడే బరువు పెట్టొద్దన్నారు. ఆ రోజు ఆటోలోంచి ఆమెను దించి, మేడ మీది మా కిరాయి ఇంటికి ఎలా చేర్చాలా అని అందరూ నిలబడి చూస్తుంటే, మా ఆయన అరుణ్‌కుమార్ నా వైపు తిరిగాడు. అడగలేదు, ఊరికే తిరిగాడు. నేను చెప్పులు విడిచి ఆమెను ఎత్తుకుని మెట్లెక్కాను. కింద ఉండే ఇంటి ఓనరు ప్రమీలాదేవి "నీకేందమ్మా, బరువులెత్తేదానివి" అన్నది. అందరూ నవ్వారు. అందరి గుండెల మీది భారం దిగిందని ఆ నవ్వులో తెలిసింది. అప్పటి నుంచి అత్తమ్మను ఎత్తడం నా పని అయింది.

నేను వెయిట్‌లిఫ్టర్‌ని. యాభైమూడు కేజీల విభాగంలో రెండేళ్ళుగా రాష్ట్రంలో నాదే మొదటి స్థానం. నేల మీది బార్‌ను ఒక్క ఊపులో తల మీదికి లేపేది స్నాచ్. ముందు భుజాల మీదికి తెచ్చుకుని, అక్కడి నుంచి తల మీదికి తోసేది క్లీన్ అండ్ జెర్క్. మాది దుబ్బాక దగ్గర పల్లె. మా బాపు ఐలయ్య మగ్గం నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. ఊళ్ళో జిల్లా పరిషత్తు బడిలో చదువుకున్నాను. అక్కడి డ్రిల్లు సారు నన్ను మండలం ఆటలకు తీసుకుపోయాడు, అక్కడి నుంచి సిద్దిపేట స్టేడియానికి వచ్చాను. పెండ్లి మాటలప్పుడు బాపు ఈ బరువుల సంగతి దాచాలనుకున్నాడు. ఆడపిల్ల భుజాలు ఇట్లుంటే ఎవరు చేసుకుంటారని ఆయన బెంగ. దాచాల్సిన అవసరం రాలేదు. అరుణ్ వాళ్ళు మాకు దూరపు చుట్టాలే కాబట్టి వాళ్ళకు ముందే తెలుసు. "స్పోర్ట్స్ కోటాల నౌకరి వస్తదట గద" అని భీవండిలో ఉండే మా ఆడబిడ్డ ఫోన్లో అన్నదట. నా భుజాల మీద వాళ్ళకు ఎందుకు అభ్యంతరం లేదో నాకు తర్వాత అర్థమైంది.

గ్యాస్ బండ మేడ మీదికి మోసేది నేనే. బియ్యం బస్తా నేనే. నీళ్ళ క్యాన్ తెచ్చే మనిషి మెట్ల కిందే పెట్టి "అక్క ఉన్నది గద" అని వెళ్ళిపోతాడు. ప్రమీలాదేవి సున్నం వేయించేటప్పుడు "ప్రసూనా, జర ఒక చెయ్యి వెయ్యవా" అని పిలిచింది. ఒక చెయ్యి అంటే ఇనుప బీరువాకు ఒక కొస నేను, రెండో కొస కూడా నేనే. ఆమె ఇద్దరు కొడుకులూ తలుపు దగ్గర నిలబడి, గోడకు గీత పడకుండా చూడమన్నారు. అరుణ్ స్నేహితులు ఇంటికొస్తే ఆయన "జాగ్రత్తరా బై, మా ఆమెకు కోపమొస్తే నన్ను గూడ లేపి అటక మీద పెడ్తది" అంటాడు. అందులో ఆయనకు గర్వమే ఉంది, వెక్కిరింత లేదు. నేను టీ పట్టుకుని అక్కడే నిలబడి ఉంటాను. నవ్వేవాళ్ళలో ఒక్కరూ చెయ్యి చాపి గ్లాసు అందుకోరు. ఒక్కొక్కరి ముందుకూ వంగి పెట్టాల్సిందే.

హాల్లో మాత్రం వేరుగా ఉంటుందని కాదు. స్టేడియం వెనక రేకుల హాలు మాది. పొద్దున మొగపిల్లలు వచ్చి నేరుగా బార్ పట్టుకుంటారు. ఆడపిల్లలం ముందు ఊడవాలి, చెక్క ప్లాట్‌ఫాం మీది చాక్‌పొడి తడిగుడ్డతో తుడవాలి. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, మా కోచ్ రాంచందర్ సార్ వచ్చేనాటికే ఉంది. ఆయనా మార్చలేదు. బార్ పట్టేటప్పుడు బొటనవేలిని లోపల పెట్టి మిగతా వేళ్ళతో దాని మీద నొక్కి పట్టాలి. చర్మం చీలుతుంది, టేపు చుట్టుకుంటాం. ఆ చీలిన చోటికి ఇంట్లో అంట్ల సబ్బు తగిలితే మంట. కారం తగిలితే చెప్పలేను. మెడ కింద ఎముక మీద బార్ ఆనే చోట నల్లగా కమిలి ఉంటుంది. ఒక పెండ్లిలో మా ఆడబిడ్డ అది చూసి, నన్ను పక్కకు తీసుకుపోయి "మా తమ్ముడు గట్ల చేస్తడా?" అని గుసగుసగా అడిగింది. బార్ అని చెప్పాను. ఆమె ముఖం తేటపడింది. బార్ అయితే పర్వాలేదు.

ఏడాదిగా నా క్లీన్ అండ్ జెర్క్ నూట రెండు కేజీల దగ్గర ఆగిపోయింది. జాతీయ శిబిరానికి పిలవాలంటే ఇంకో నాలుగు కావాలి. ఆ సెలక్షన్ ట్రయల్స్ వచ్చే ఆదివారం హైదరాబాదులో. వాటి తేదీ వచ్చిన రోజు అన్నం తిన్నాక అరుణ్ చాలా మెత్తగా చెప్పాడు. "గీసారి చూద్దాం ప్రసూన. రాకపోతే ఇగ బంద్ చేద్దాం. పిల్లల గురించి గూడ సోచాయించాలె గద." కోపంగా చెప్పి ఉంటే జవాబు చెప్పేదాన్నేమో. మెత్తగా చెప్పినవాటికి జవాబులు నాకు నేర్పలేదు ఎవరూ. కంచాలు తీశాను.

పోయిన శనివారం నూట నాలుగు పెట్టారు. బార్ భుజాల మీదికి వచ్చింది, దాని కింద కూర్చున్నాను. కూర్చున్న చోటి నుంచి లేవలేకపోయాను. కాళ్ళలో బలం ఉంది, నాకు తెలుసు. నడుము ఎడమ పక్క ఏదో ముందే పనిచేసి అలసిపోయి కూర్చుంది. బార్ ముందుకు వదిలేసి వెనక్కి జరిగాను. రాంచందర్ సార్ దగ్గరికి వచ్చి, రేపటి నుంచి బరువులు సగానికి దించేస్తున్నానని చెప్పాడు. పోటీకి ముందు వారం అందరికీ అంతే. దాన్ని మేము తేలిక వారం అంటాం. నెలల తరబడి నలిగిన ఒళ్ళు ఆ వారంలోనే కోలుకుంటుంది, లోపల దాచుకున్న బలం అప్పుడే బయటికి వస్తుంది. ఆ వారం చెడితే ఏడాది చెడినట్టే. "ఎత్తినప్పుడు బలం రాదు. పండుకున్నప్పుడు వస్తది" అన్నాడు సార్. "గీ వారం నీ పని పండుకునుడే."

ఆ రాత్రి అరుణ్‌కు చెప్పాను, ఈ వారం ప్రాక్టీసు చాలా తక్కువని. నా గొంతులో కొంచెం సంతోషం కూడా ఉండి ఉంటుంది. ఆయనకూ సంతోషమే అయింది. "మంచిదే గద" అన్నాడు.

మా ఇంట్లో నర్సమ్మ అనే ఆమె పని చేస్తుంది. పొద్దున అత్తమ్మను నేను లేపుతాను, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా నర్సమ్మ చూసుకుంటుంది. సోమవారం మధ్యాహ్నం నర్సమ్మ రాలేదు. అత్తమ్మ రెండుసార్లు బాత్రూం అన్నది, ఒకసారి కిటికీ దగ్గర కూర్చుంటానన్నది, కూర్చున్నాక కాలు గుంజుతున్నదని మళ్ళీ పడుకుంటానన్నది. బడి నుంచి వచ్చిన అరుణ్‌ను అడిగాను, నర్సమ్మ ఎందుకు రాలేదని.

"నేనే వద్దన్న. బిడ్డ కాన్పుకు పోతనని ఎప్పటి సందో అడుగుతుండె. గీ వారం ప్రసూన ఖాళీగనే ఉంటది, పోయి రా అన్న."

ఆయన ఒక ప్రైవేటు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. పోయిన నెల కబడ్డీ పోటీలకు ముందు ఆ బడి పిల్లల ఇండ్లకు స్వయంగా బండి మీద తిరిగి వచ్చాడు. నాలుగు రోజులు పిల్లగాండ్లను పొలం పనికి తోలకండి, పాలు తాపండి, తొందరగా పండుకోనియ్యండి అని తల్లిదండ్రులను బతిమాలి వచ్చాడు. ఒక తండ్రి ఒప్పుకోకపోతే రెండోసారి పోయాడు. ఆ సాయంత్రం నేనే ఆయనకు మజ్జిగ ఇచ్చి, మంచి పని చేశావని చెప్పాను. ఇప్పుడు అదే మనిషి బూట్లు విప్పుతూ నా ముందు కూర్చున్నాడు.

"ప్రాక్టీసు ఎందుకు తగ్గించిన్రో తెలుసా బావా?"

"పోటీ ముంగట రెస్టు. గది నాకు తెల్వదా?"

"మరి?"

"మరేంది? ఇంట్లనే ఉంటవ్ గద. అమ్మ ఎంతుంటది, నువ్వెత్తేదాంట్ల సగం ఉంటది."

ఆయన నన్ను మోసం చేయడం లేదు. అదే నాకు ఎక్కువ అలసట అనిపించింది. ఇంట్లో ఉండటమంటే విశ్రాంతి అని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు, ఎందుకంటే ఆయనకు అది నిజం. ఆయన ఇంటికొచ్చేది అందుకే. హాల్లో నేను ఎత్తే ప్రతి కిలోకూ లెక్క ఉంది, దాని తర్వాత ఎంతసేపు కూర్చోవాలో కూడా లెక్క ఉంది. ఇంట్లో ఎత్తేదాన్ని ఎవరూ ఎత్తడం అనరు.

"మరి నువ్వు లేపు" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. "నేనా? స్నానానికి, దొడ్డికి, అమ్మను నేనెట్ల లేపుత? మొగోన్ని. అమ్మకు మంచిగుంటదా?"

మంచిగుండదు. నిజమే. మొదటి రోజు ఆమె చీర నేను విప్పినప్పుడు ఆమె కండ్లు గట్టిగా మూసుకున్నది. నేనూ ముఖం పక్కకు తిప్పుకున్నాను. పెండ్లయి ఎన్నో ఏండ్లు కాలేదు. నా కన్నతల్లి ఒళ్ళు కూడా నేనట్లా చూసి ఎరగను. చేతిలోంచి చెంబు జారింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కానీ ఆ ఇంట్లో సిగ్గు పంచుకునేటప్పుడు తల్లికి కొంత, కొడుక్కి కొంత వచ్చింది. నాకు కూడా కొంత ఉంటుందేమోనని ఎవరూ చూడలేదు.

మంగళవారం కూడా అట్లాగే గడిచింది. బుధవారం హాల్లో అరవై కేజీలు పెట్టారు. అరవై నాకు చేతులు వేడెక్కించుకునే బరువు. మోకాళ్ళ దాకా వచ్చింది, నడుములో ఏదో పట్టేసింది, బార్ వదిలేశాను. రబ్బరు ప్లేట్లు చెక్క మీద పడి ఎగిరిన చప్పుడుకు అందరూ తిరిగి చూశారు.

"ఏం ఎత్తి వచ్చినవ్?" అని అడిగాడు సార్.

ఏమీ లేదన్నాను. ఆయన నమ్మలేదు. ఇంట్లో ఏం జరుగుతుందో అడగాలని ఆయన నోటి దాకా వచ్చినట్టే ఉంది. కానీ పెండ్లయిన ఆడపిల్లల ఇంటి సంగతులు ఆయన అడగడు, మర్యాద అనుకుంటాడు. ఆదివారం దాకా హాలుకు రావద్దనీ, ఇంట్లో పండుకొమ్మనీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికి పోతే పండుకోలేను. హాల్లో ఉండనియ్యరు. స్టేడియం మెట్ల మీద, నీడ ఉన్న చోట చున్నీ మడిచి తల కింద పెట్టుకుని పడుకున్నాను. ఎంతసేపైందో తెలియదు. వాచ్‌మన్ ఎల్లన్న వచ్చి కొంచెం దూరంగా నిలబడి "ఏమైందవ్వా, పానం మంచిగ లేదా?" అని అడిగాడు. బాగానే ఉన్నానన్నాను. "మరెందుకు పండుకున్నవ్?" అన్నాడు. మంచివాడే, నీళ్ళు తేవాలా అని కూడా అడిగాడు. పగటిపూట పడుకున్న ఆడదాన్ని చూస్తే ఎవరికైనా రోగమే గుర్తుకొస్తుంది. అదే మెట్ల మీద, నాకు కాస్త పైన, ఇద్దరు మొగపిల్లలు ముఖాల మీద టవల్ కప్పుకుని గుర్రు పెడుతున్నారు. ఎల్లన్న వాళ్ళను దాటుకుంటూనే నా దగ్గరికి వచ్చాడు.

అక్కడే కూర్చుని ఆలోచించాను. ఆదివారం నేను ఎత్తలేకపోతే ఎవరి మీదా తప్పు ఉండదు. సార్ తేలిక వారం ఇచ్చాడు. మా ఆయన నన్ను ఆపలేదు, బస్సు టికెట్లు కూడా ఆయనే చూస్తున్నాడు. అత్తమ్మ పాపం పడి ఉంది. అందరూ మంచివాళ్ళే. నేనే ఎత్తలేకపోయినదాన్ని అవుతాను. ఆ తర్వాత బంద్. బూట్లు అటక మీదికి పోతాయి. గ్యాస్ బండ మాత్రం మెట్ల కిందే ఉంటుంది.

సాయంత్రం అత్తమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి తల దువ్వాను. ఆమెకు తల దువ్వించుకోవడం ఇష్టం. ఏండ్ల తరబడి బీడీలు చుట్టిన మనిషి, వంగి వంగి మెడ వెనక గట్టిపడిపోయింది, అక్కడ వేళ్ళతో నొక్కితే కండ్లు మూసుకుంటుంది. ఆమె నన్ను ఏనాడూ చెడ్డ మాట అనలేదు. అన్నా బాగుండేదని ఆ సాయంత్రం అనిపించింది, చెప్పడం తేలికయ్యేది.

"అత్తమ్మా, రేపటి సంది ఆదివారం దాకా నేను నిన్ను లేపను. వండుత, తినిపిస్త, తల దువ్వుత. లేపుడు బావ లేపుతడు."

ఆమె కండ్లు తెరిచింది. బజారు వైపు చూస్తూనే అడిగింది.

"నీకు బరువైపోయిన్నా బిడ్డా?"

ఈ ప్రశ్నకే భయపడ్డాను. కాదు అత్తమ్మా, నువ్వు బరువేంది అనాలి. అట్లా అనడమే నాకు తెలుసు. అట్లా అని మళ్ళీ వంగి లేపడం తెలుసు. దువ్వెన పండ్లలో ఇరుక్కున్న వెంట్రుకలు తీస్తూ, "బరువే అత్తమ్మా" అన్నాను. "నడుము పట్టేసింది. ఇయ్యాల అరవై గూడ లేవలే."

ఆమెకు అరవై అంటే ఏమిటో తెలియదు. నా గొంతు మాత్రం తెలిసినట్టుంది.

"వాడు మొగపిల్లగాడాయె. నాకు సిగ్గుండదా?"

"మొదటి రోజు నాకూ ఉండె."

ఆమె మెడ తిప్పి నన్ను చూసింది. ఆ మెడ తిప్పడం ఆమెకు నొప్పి. "నువ్వు చెప్పకపోతివి" అన్నది.

"ఎవరడిగిన్రు అత్తమ్మా?"

జడ అల్లాను. ఆ పూటకు ఆమెను నేనే మంచం మీదికి చేర్చాను, రేపటి నుంచి అన్నాను కాబట్టి. చేరుస్తున్నప్పుడు ఆమె చేతులు నా మెడ చుట్టూ ఎప్పటికన్నా వదులుగా ఉన్నాయి. పట్టుకుంటే నాకు బరువవుతానని అనుకున్నదేమో. వదులుగా పట్టుకుంటేనే ఇంకా బరువు. అది ఆమెకు చెప్పలేదు. అరుణ్‌కు కూడా ఏమీ చెప్పలేదు. చెబితే వాదన అవుతుంది, వాదనలో ఆయన మెత్తగా మాట్లాడతాడు, నేను లేచి కంచాలు తీస్తాను.

తెల్లవారింది. కింద ప్రమీలాదేవి వాకిలి ఊడ్చే చప్పుడు వినిపిస్తోంది. నాకు అప్పటికే మెలకువ వచ్చింది. పక్క గది నుంచి అత్తమ్మ "ప్రసూనా" అని పిలిచింది. అలవాటు. నా కాళ్ళు కూడా అలవాటుగానే దుప్పటిలోంచి బయటికి వచ్చాయి. వాటిని మళ్ళీ లోపలికి ముడుచుకున్నాను. ఒంట్లో ప్రతి కండా లేవమంటోంది. ఏ బార్ కిందా నేనింత బలం పెట్టలేదు. ఆమె ఇంకోసారి పిలవలేదు. చీపురు చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ తర్వాత చాలా చిన్నగా, ఎవరినో కొత్తవాళ్ళను పిలిచినట్టు, "అరుణూ" అన్నది.

ఆయన కదిలాడు. మళ్ళీ వినిపించాక లేచి కూర్చున్నాడు. నన్ను చూశాడు. నిద్రపోతున్నట్టు నటించవచ్చు. నటించలేదు. కండ్లు తెరిచి ఆయననే చూశాను.

"అమ్మ పిలుస్తుంది" అన్నాడు.

"నిన్నే."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కోపం వస్తుందనుకున్నాను. ఆయన ముఖంలో ఉన్నది భయం. బడిలో ఇంతమంది పిల్లలను ఉరికించే మనిషి, పక్క గదిలోకి పోవడానికి భయపడుతున్నాడు. జాలేసింది. జాలి వేసినా లేవలేదు.

"మోకాళ్ళు వంచు బావా, నడుము వంచకు. ఛాతికి దగ్గర పట్టుకో. కుడికాలు పైలం, గడపకు తగలనియ్యకు."

చెప్పి గోడ వైపు తిరిగాను. ఆయన అడుగులు గది దాటాయి. మంచం కిర్రుమంది. అత్తమ్మ ఏదో గొణిగింది, ఆయన ఏదో గొణిగాడు. ఒక అడుగు, మళ్ళీ ఒక అడుగు, గోడకు చెయ్యి కొట్టుకున్న చప్పుడు. గడప దగ్గర ఆగిపోయినట్టున్నాడు. ఎగబోసుకుంటున్న ఊపిరి ఇక్కడికి వినిపిస్తోంది.

"ఇంత బరువున్నవేందమ్మా" అన్నాడు.

"దానికి గూడ గింతే బరువుంటి బిడ్డా" అన్నది అత్తమ్మ.